ఆరు గ్రాముల బంగాళాదుంప, లెక్కకి రాని నూనె

ఉడికించిన బంగాళాదుంప ముక్కలు కాటా మీద పెడితే 156 గ్రాములు చూపించింది. నేను ఆ పూటకి అనుకున్నది 150. చాకు తీసుకుని చివరి ముక్కలోంచి పలుచగా ఒక బిళ్ళ కోశాను. 151. ఇంకొంచెం గీశాను. 150. అప్పుడు గానీ మనసు కుదుటపడలేదు. ఎదురుగా కూర్చున్న మా అమ్మాయి ఆ బిళ్ళని చూసి, "అమ్మా, అది నువ్వు తింటే ఏమవుతుంది?" అని అడిగింది. దానికప్పుడు పదేళ్ళు. "ఏమీ అవదు" అనడానికి నాకు నోరు రాలేదు. ఏదో అయిపోతుందని ఆ క్షణంలో నేను నిజంగానే నమ్ముతున్నాను.

ఆరు గ్రాముల ఉడికిన బంగాళాదుంపలో ఉండేది ఐదు కేలరీలు. అదే పూట పక్క పొయ్యి మీద మూకుట్లో కూరకి నూనె పోశాను. ఎంత పోశానో తూచలేదు, కంటితో చూసి పోశాను. నా వంతుగా పుస్తకంలో "ఒక చిన్న చెంచా" అని రాసుకున్నాను. నా ఏడు వారాల కష్టం ఎటు పోయిందో తర్వాత వెతుక్కుంటే, అది సరిగ్గా అక్కడే దొరికింది.

బరువు తగ్గడానికి తిన్న ప్రతిదాని కేలరీలు తూచి రాసుకోవడం నేను మొదలుపెట్టింది నలభై రెండేళ్ళ వయసులో. ఎత్తు 160 సెంటీమీటర్లు, బరువు 71 కిలోలు. రక్తపరీక్షలో చక్కెర హద్దు మీద ఉందని, నాలుగైదు కిలోలు తగ్గితే మంచిదని డాక్టరు గారు చెప్పారు. భయపెట్టలేదు, మందులేవీ రాయలేదు. డైటీషియన్ దగ్గరికి పంపారు. ఆవిడ నా ముందే కాగితం మీద లెక్క వేసి చూపించారు. 1990లో వచ్చిన మిఫ్లిన్ సెయింట్ జియోర్ సూత్రమట. బరువు కిలోల్ని 10తో, ఎత్తు సెంటీమీటర్లని 6.25తో గుణించి కలపాలి. అందులోంచి వయసుని 5తో గుణించి తీసెయ్యాలి. ఆడవాళ్ళకైతే ఇంకో 161 తీసెయ్యాలి, మగవాళ్ళకైతే 5 కలపాలి. నాకు 1,339 కేలరీలు వచ్చింది. అంటే రోజంతా కదలకుండా పడుకున్నా ఒంటికి ఖర్చయ్యేది సుమారుగా అంత. నా పనీ, నడకా కలుపుకుని దాన్ని 1.4తో హెచ్చిస్తే 1,875. "మీరు రోజుకి 1,500 దగ్గర ఉండండి. కాస్త అటూ ఇటూ అయినా ఫరవాలేదు" అన్నారావిడ.

నేను 1,500 మాత్రమే విన్నాను. ఆ తర్వాతి మాట నా చెవిన పడలేదు.

ఇంటికొచ్చి డిజిటల్ కాటా ఒకటి కొన్నాను, ఫోన్లో ఒక యాప్ వేసుకున్నాను. మొదటిరోజే అన్నం దగ్గర బెంబేలెత్తిపోయాను. ఉడికిన అన్నం 150 గ్రాములు తూచి యాప్‌లో "బియ్యం" అని కొడితే 540 కేలరీలు చూపించింది. నేను తింటున్న అన్నంలో ఇన్ని కేలరీలా అని ఆ పూట సగం వదిలేశాను. అది పచ్చి బియ్యం లెక్క అని రెండ్రోజులకి గానీ అర్థం కాలేదు. వంద గ్రాముల బియ్యంలో 360 దాకా ఉంటాయి. అదే ఉడికాక నీళ్ళు పీల్చుకుని రెండున్నర, మూడు రెట్లవుతుంది కాబట్టి వంద గ్రాముల అన్నంలో ఉండేవి 130. నా 150 గ్రాముల అన్నానికి 195 వేస్తే సరిపోయేది. ఈ పని మొదలుపెట్టిన వాళ్ళెవరైనా ముందు తెలుసుకోవలసింది ఇదేనని నా అభిప్రాయం. బియ్యం, పప్పులు, మాంసం, ఏదైనా సరే, తూచింది పచ్చిదైతే పచ్చి లెక్కే తీసుకోవాలి, వండినదైతే వండిన లెక్కే తీసుకోవాలి. ఈ ఒక్క పొరపాటు ముందు మిగతా తేడాలు చాలా చిన్నవి.

ఆ తప్పు దిద్దుకున్నాక నాలో ఒక పట్టుదల పెరిగింది. ఇకమీదట ఏదీ తప్పు పోకూడదనుకున్నాను. అరటిపండు తొక్క తీసి తూచేదాన్ని. నిన్న 112 గ్రాములుంది, ఇవాళ 118 ఉందని మధ్యాహ్నం గుడ్డులోంచి ఒక ముక్క పక్కన పెట్టేదాన్ని. రాత్రి పదింటికి మొత్తం 1,507 వస్తే ఆ ఏడు ఎక్కడ తగ్గించి ఉండొచ్చని వెనక్కి వెళ్ళి చూసుకునేదాన్ని. ఎవరైనా భోజనానికి పిలిస్తే, వెళ్ళి ఏం రాయాలో తెలియక, ఏదో ఒక వంక చెప్పి మానేసిన రోజులున్నాయి. అలా రెండు పిలుపులు పోగొట్టుకున్నాను. ఆ రెండూ ఇప్పటికీ నాకు బాధగానే ఉన్నాయి.

ఇంత చేసినా ఏడు వారాల్లో బరువు తగ్గలేదు. ఒకరోజు 70.8, ఒకరోజు 71.3, మళ్ళీ 70.9. ఇలా అక్కడక్కడే తిరుగుతోంది. ఏడో వారంలో ఒక రాత్రి బయట తిన్నాం. మర్నాడు పొద్దున్న బరువు చూసుకుంటే 70.4 కాస్తా 71.6 అయింది. ఒక్క రాత్రిలో కిలో పైన! ఆ రోజు మధ్యాహ్నం దాకా ఏమీ తినలేదు. సాయంత్రానికి తలనొప్పి, చిరాకు, ఇంట్లో అందరి మీదా విసుక్కోవడం. ఒక కిలో కొవ్వు పేరుకోవాలంటే ఒంటి ఖర్చుకి మించి దాదాపు 7,700 కేలరీలు తినాలని నాకప్పటికే తెలుసు. ఒక్క భోజనంలో అంత తినడం ఎవరివల్లా కాదు. ఉప్పు ఎక్కువైతే ఒళ్ళు నీటిని పట్టి ఉంచుతుంది. పిండిపదార్థాలు ఒంట్లో గ్లైకోజెన్‌గా, అంటే దాచిపెట్టుకున్న చక్కెరగా, నిలవయ్యేటప్పుడు ఒక్కో గ్రాముకి మూడు గ్రాముల దాకా నీరు వెంట ఉంటుంది. నెలసరి ముందు బరువు పెరగడం అయితే ఆడవాళ్ళందరికీ తెలిసిందే. ఇవన్నీ చదివి ఉన్నాను. కానీ ఆ అంకె మీద కాళ్ళు పెట్టి నిలబడ్డప్పుడు చదివిందేదీ గుర్తు రాలేదు. మూడో రోజుకి మళ్ళీ 70.5కి వచ్చింది.

నన్ను నిజంగా ఆపింది బరువు కాదు. ఆ వారమే ఒక సాయంత్రం నేను వంటింట్లోకి వెళ్ళేసరికి మా అమ్మాయి తన కంచాన్ని కాటా మీద పెట్టి నిలబడి ఉంది. "అమ్మా, నాదెంత? ఇది ఎక్కువా?" అంది. గొంతులో ఆట లేదు, నిజంగానే అడుగుతోంది. నేను కంచం తీసి దాని చేతికిచ్చి, "నీకు ఆకలి తీరేంత తిను తల్లీ, నీకు ఈ లెక్కలు వద్దు" అన్నాను. అది తినేదాకా పక్కనే కూర్చున్నాను. అది పడుకున్నాక అక్కకి ఫోన్ చేశాను.

మా అక్క ఒక పరీక్షల ల్యాబ్‌లో పనిచేస్తుంది. రోజంతా తూకాలూ కొలతలే దాని పని. అంతా విని, "ఏమే, అంత తూస్తున్నావు కదా, అసలు నీ కాటాని ఎప్పుడైనా పరీక్షించావా?" అని అడిగింది. లేదన్నాను. "సరే, ఫోన్ పక్కన పెట్టు. ఒక కప్పు తీసుకో. పదిసార్లు పెట్టి తీసి, వచ్చిన అంకెలు రాయి" అంది. నీలం అంచున్న ఒక పింగాణీ కప్పు తీసుకుని మొదలుపెట్టాను. 247, 248, 247, 247, 246, 248, 247, 247, 248, 247. తర్వాత కప్పుని కాటా మూలకి జరిపి పెట్టమంది. 244 చూపించింది. నేను బంగాళాదుంప గీసి 151ని 150 చేసుకున్నది ఈ కాటా మీదే!

అప్పుడు అక్క చెప్పిన మాటలు నాకు దాదాపు అక్షరం పొల్లుపోకుండా గుర్తున్నాయి. "చూడు, కొలతలో తప్పులు రెండు రకాలుంటాయి. ఒకటి ఊగే తప్పు, ఒకసారి ఎక్కువ చూపిస్తుంది, ఒకసారి తక్కువ చూపిస్తుంది. రోజులు గడిచేకొద్దీ అటువీ ఇటువీ ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. రెండోది లాగే తప్పు. అది ఎప్పుడూ ఒకే వైపుకి లాగుతుంది, దానికదే పోదు, పోగుపడుతుంది. నువ్వు ఊగే తప్పుల వెంట పడి ఏడుస్తున్నావు. లాగేవి ఏమున్నాయో వెతుకు." రోజు లెక్కలో వంద కేలరీల ఊగులాట ఉన్నా, వారం సగటు తీసేసరికి అది నలభై లోపుకి వచ్చేస్తుందని, నాలుగు వారాల సగటులో ఇరవైకి దిగుతుందని కూడా చెప్పింది. రోజుల సంఖ్యకి వర్గమూలం తీసి, దాంతో ఆ వందని భాగించి చూడమంది. అప్పుడే ఫోన్లో లెక్క చూసుకున్నాను. 7కి 38, 28కి 19.

లాగే తప్పులు ఏమున్నాయి అని ఆ రాత్రి పుస్తకం ముందేసుకుని కూర్చున్నాను. అన్నం పచ్చి లెక్క దిద్దుకున్నాను. పళ్ళు తూస్తున్నాను. గుడ్లు లెక్క ఉంది, ఒక పెద్ద గుడ్డుకి 70 పైచిలుకు. మరి నేను తూచకుండా రాస్తున్నదేమిటి? ప్రతిరోజూ ఒకే మాటతో రాస్తున్నది ఒకటి కనిపించింది. "నూనె, ఒక చిన్న చెంచా, 40."

మర్నాడు పొద్దున్న పొయ్యి వెలిగించకముందే నూనె సీసాని కాటా మీద పెట్టాను. 912 గ్రాములు. ఒక చీటీ మీద రాసి అలమార తలుపుకి అతికించాను. మా ఆయనకి చెప్పాను, వారంలో సగం రోజులు వంట ఆయనదే. "ఎప్పుడూ పోసేంతే పొయ్యండి, నా కోసం తగ్గించకండి" అన్నాను. నేనూ అలాగే పోశాను. నాలుగు రోజులయ్యాక అదే సీసాని మళ్ళీ తూచాను. 676. రెండుసార్లు పెట్టి చూశాను. 676.

నాలుగు రోజుల్లో 236 గ్రాములు, రోజుకి 59. ముగ్గురికీ సమానంగా పంచినా నా వంతు 20 గ్రాములు. నూనె గ్రాముకి తొమ్మిది కేలరీల లెక్కన అది 180. నేను రాస్తున్నది 40. అంటే రోజుకి 140 కేలరీలు ఏడు వారాలుగా నా పుస్తకంలోకి రాకుండా నా కడుపులోకి వెళ్ళాయి. ఆ చీటీ పట్టుకుని చాలాసేపు అలాగే నిలబడ్డాను. కోపం రాలేదు. గట్టి నేల కాలికి తగిలినట్టు అనిపించింది.

ఆ తర్వాత మిగతావి వెతకడం తేలికైంది. టీ రోజుకి మూడుసార్లు తాగుతాను, రాస్తున్నది పొద్దున్నది ఒక్కటే. పాలూ, రెండు చెంచాల పంచదారా కలిపి కప్పుకి 70, రాయని రెండు కప్పులకి 140. సాయంత్రం ఏదో పని చేసుకుంటూ డబ్బాలోంచి నాలుగు గింజలు నోట్లో వేసుకునే అలవాటుంది. ఒక రోజంతా వేసుకున్నన్ని వేరే గిన్నెలో తీసి చూస్తే 15 గ్రాములు తేలింది, 90 దాకా వస్తాయి. నూనెతో కలిపి మొత్తం 370. రాసుకున్న 1,500కి అవి కలిపితే 1,870. డైటీషియన్ గారు కాగితం మీద వేసిన 1,875 పక్కన పెట్టి చూసుకున్నాను. ఏడు వారాలు బరువు ఎందుకు కదల్లేదో ఇక ఎవరూ చెప్పక్కర్లేదు. ఒంట్లో ఏ జబ్బూ లేదు, నా ఒళ్ళు నా మాట వినకపోవడమూ లేదు. తిన్నంతా ఖర్చయింది, అంతే.

ఈ సంగతి నా ఒక్కదానిదే కాదని తర్వాత చదివాను. ఎంత తక్కువ తిన్నా బరువు తగ్గడం లేదని చెప్పే పదిమందిని అమెరికాలో పరిశోధకులు జాగ్రత్తగా పరీక్షించి, 1992లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో ఫలితాలు ప్రచురించారు. వాళ్ళ శరీరాలు శక్తిని ఖర్చు చేసే తీరులో తేడా ఏమీ లేదు. తిన్నదాన్ని సగటున 47 శాతం తక్కువగా చెప్పారు, చేసిన వ్యాయామాన్ని 51 శాతం ఎక్కువగా చెప్పారు. దీన్ని చదివి వాళ్ళు అబద్ధాలాడారని అనుకునేవాళ్ళుంటారు. నేను అనుకోను. నా పుస్తకంలో ఒక్క అబద్ధమూ లేదు. గుర్తుకి రానిది రాయలేదు, కంటికి చిన్నగా కనిపించినదాన్ని చిన్నగా రాశాను. పొట్లంలో, పళ్ళెంలో ఉన్నది తిండిలా కనిపిస్తుంది. మూకుట్లో కరిగిపోయినది, నిలబడి నోట్లో వేసుకున్నది తిండిలా కనిపించదు.

అసలు ఈ అంకెలు ఎక్కడినుంచి వచ్చాయో కూడా అప్పుడే తెలుసుకున్నాను. ఆ వివరమే నాలో మిగిలిన ఆందోళనని చాలావరకు తీసేసింది. 19వ శతాబ్దం చివర్లో విల్బర్ అట్‌వాటర్ అనే అమెరికా రసాయన శాస్త్రవేత్త, ఆయన సహచరులు మనుషుల్ని రోజుల తరబడి ఒక మూసిన గదిలో ఉంచి, వాళ్ళు తిన్నది, విసర్జించినది, వాళ్ళ ఒంటి నుంచి వచ్చిన వేడి అన్నీ కొలిచారు. ఆ పని నుంచే ప్రోటీన్ గ్రాముకి 4, పిండిపదార్థం గ్రాముకి 4, కొవ్వు గ్రాముకి 9 అనే లెక్క వచ్చింది. ఇవాళ్టికీ ప్యాకెట్ల మీద ఉండేవి ఎక్కువగా ఆ లెక్కలోంచి వచ్చిన అంకెలే. అవి సగటులు. బాదం గింజల్నే చూడండి. గింజల కణాల గోడల్లో ఇరుక్కున్న కొవ్వు కొంత అరగకుండానే బయటికి పోతుంది. 2012లో అమెరికా వ్యవసాయ శాఖ శాస్త్రవేత్తలు కొలిస్తే, 28 గ్రాముల బాదంలో ఒంటికి పట్టేవి 129 కేలరీలే అని తేలింది. పాత లెక్క ప్రకారం అవి 170 దగ్గర ఉండాలి. ఇక లేబుళ్ళ సంగతి. అమెరికాలో ఆహారాన్నీ మందుల్నీ నియంత్రించే సంస్థ ఎఫ్‌డీఏ నిబంధనల్లో 50 కేలరీలు దాటినదాన్ని దగ్గరి పదికి సవరించి రాస్తారు. పరీక్షలో తేలినది లేబుల్ మీద రాసినదానికంటే 20 శాతం దాకా ఎక్కువున్నా నిబంధన ఒప్పుకుంటుంది. అంకె పుట్టిన చోటే ఇంత వెసులుబాటు ఉన్నప్పుడు, నేను చాకుతో గీసి తీసిన ఐదు కేలరీలకి అసలు అర్థమే లేదు. అవి ఉన్నాయో లేవో చెప్పగల సాధనం నా వంటింట్లో లేదు.

అప్పటినుంచి పద్ధతి మార్చాను. నూనె, వెన్న, పంచదార, గింజలు, వీటిని మాత్రం గట్టిగా తూస్తాను. పది గ్రాముల నూనె పొరపాటు పడితే 90 కేలరీలు. దోసకాయ యాభై గ్రాములు పొరపాటు పడ్డా ఎనిమిదే. అందుకని దోసకాయ, టొమాటో, ఆకుకూరలు తూచడం మానేశాను, కంటి అంచనా చాలు. నూనె విషయంలో చెంచాలతో కొలవడం కూడా వదిలేశాను. సీసాని కాటా మీద పెట్టి టేర్ బటన్ నొక్కి సున్నా చేస్తాను. సీసా తీసి మూకుట్లో పోసి మళ్ళీ కాటా మీద పెడితే, ఎంత పోశానో అంత మైనస్‌లో చూపిస్తుంది. ఐదు సెకన్ల పని. మూకుడికి కాస్త అంటుకుని ఉంటుంది కదా అని అక్కని అడిగాను. "రోజూ ఒకేలా అంటుకుంటుంది కదా, అది నీ లెక్కలోనే కలిసిపోతుంది, ఇక దాని సంగతి వదిలెయ్" అంది.

అందరికీ కలిపి వండిన గిన్నెలోంచి నా వంతు ఎంతో తేల్చడానికి ఒక ఉపాయం నేర్చుకున్నాను. ఇది నాకు అన్నిటికంటే ఎక్కువగా ఉపయోగపడింది. మనం వాడే గిన్నెలన్నిటినీ ఒకసారి ఖాళీగా తూచి బరువులు రాసిపెట్టుకోవాలి. పెద్ద గిన్నె 1,146 గ్రాములని మా అలమార తలుపు మీద ఉంది. బియ్యం 300 గ్రాములు పోస్తే మొత్తం 1,080 కేలరీలు. అన్నం ఉడికాక గిన్నెతో సహా తూచి, గిన్నె బరువు తీసేస్తే ఒకరోజు 840 గ్రాములుంది. నా కంచంలో 180 పెట్టుకున్నాను కాబట్టి 1,080ని 840తో భాగించి 180తో గుణిస్తే 231. రాసేది మాత్రం 230. నీళ్ళు ఎక్కువైనా తక్కువైనా ఈ లెక్క చెదరదు. కూరలకీ ఇంతే. మొదట్లో రోజూ చేశాను. నెల తిరిగేసరికి మా ఇంటి వంటలు పదిహేను దాకా లెక్క కట్టి ఉన్నాయి. ఇక వాటిని మళ్ళీ మళ్ళీ చెయ్యక్కర్లేకపోయింది.

పుస్తకంలో ఒకట్ల స్థానం తీసేశాను. అన్నీ పదులే. లక్ష్యం కూడా ఒక అంకె కాదు, 1,500 నుంచి 1,650 దాకా ఒక మేర. చెప్పడానికి చిన్న మార్పే గానీ నా రాత్రుల్ని మార్చేసింది. 1,507 అన్నప్పుడు నేను తప్పు చేసినదాన్ని. 1,510 అని రాసి, అది మేరలోనే ఉందని చూసుకున్నప్పుడు పుస్తకం మూసి పడుకోగలిగాను.

బయట తిన్నప్పుడు ఏం చెయ్యాలన్నది చాలామంది నన్ను అడుగుతారు. నేను ఇంట్లో వండుకునే అలాంటి వంటకాన్ని తీసుకుని, దాని మీద నాలుగో వంతు కలిపి రాస్తాను. బయటి వంటలో నూనె మన కంటికి కనిపించదు, కాబట్టి తప్పు జరిగితే తక్కువ వైపే జరుగుతుంది. ఆ లాగుడుకి ముందే కాస్త ఎదురు లాగుతున్నానన్నమాట. పక్కన "అం" అని రాస్తాను, అంచనా అని గుర్తు. మర్నాడు భోజనం మానడం మాత్రం లేదు. ఆ నియమం కాటా కంటే ముఖ్యమైనది నాకు. పిలిచిన వాళ్ళింటికి ఇప్పుడు వెళ్తున్నాను, పెట్టింది తింటున్నాను, ఇంటికొచ్చి ఒకే ఒక్క వరుస రాస్తున్నాను.

చేతి గడియారం చూపించే "ఖర్చయిన కేలరీలు" లెక్కలోకి తీసుకోవడం పూర్తిగా మానేశాను. 2017లో స్టాన్‌ఫోర్డ్ పరిశోధకులు ఏడు రకాల చేతి పట్టీ పరికరాల్ని పరీక్షిస్తే, గుండె వేగం వాటిలో ఎక్కువ భాగం బాగానే చెప్పాయి గానీ, కేలరీల ఖర్చులో అన్నిటికంటే మేలైనదే సగటున 27 శాతం తప్పింది. నడిచాను కాబట్టి 300 ఎక్కువ తినొచ్చు అనుకుంటే, ఆ 300 దగ్గరే మళ్ళీ లాగే తప్పు పుడుతుంది. నడక నడకే. నా 1.4 గుణకంలో అది ముందే ఉంది.

బరువు రోజూ పొద్దున్నే చూసుకుంటాను గానీ ఆ రోజు అంకెని పట్టించుకోను. ఆదివారం ఏడింటినీ కూడి సగటు తీస్తాను. పద్ధతి మార్చాక మొదటి వారం నీటి బరువు కొంత పోతుంది కాబట్టి దాన్ని వదిలేసి, ఆ తర్వాతి పన్నెండు వారాలు లెక్కలోకి తీసుకున్నాను. మొదటి సగటు 71.2, చివరిది 67.9. తగ్గినవి 3.3 కిలోలు. దాన్ని 7,700తో గుణించి 84 రోజులతో భాగిస్తే రోజుకి 300 పైచిలుకు తక్కువ తిన్నట్టు లెక్క. ఆ పన్నెండు వారాల్లో పుస్తకంలో నా సగటు 1,560. రెండూ కలిపితే 1,860. నా ఒంటి ఖర్చు ఇంత అని నా పుస్తకమూ నా బరువూ కలిసి చెప్పిన అంకె అది. ఇది అసలు సత్యమా అంటే నేను చెప్పలేను, చెప్పక్కర్లేదు కూడా. నా కాటా, నా సీసా, నా అంచనాల్లో ఉన్న వంకరలన్నీ అందులోనే కలిసిపోయి ఉన్నాయి. నేను రాసే తీరు మారనంతవరకూ ఆ అంకె నాకు పనికొస్తుంది. 7,700 అన్నది కూడా మోటు లెక్కేనని, బరువు తగ్గేకొద్దీ ఒంటి ఖర్చూ తగ్గుతుందని తెలుసు. అందుకే మూడు నెలలకోసారి మళ్ళీ వేసుకుంటాను.

ఒక మాట మనసులో ఉంది, చెప్పాలి. ఈ పని అందరికీ సరిపడదు. తిండి గురించి భయం, అపరాధ భావం ఇంతకుముందే ఉన్నవాళ్ళు, తినడం మానేసిన అనుభవం ఉన్నవాళ్ళు కాటా జోలికి వెళ్ళకుండా ముందు డాక్టరుతో మాట్లాడాలి. పిల్లలున్న ఇంట్లో అయితే కంచాల దగ్గర అంకెలు పలకకూడదు. నేను తూకాలన్నీ వంట దగ్గరే ముగించి, కాటాని అలమారలో పెట్టేశాకే అందర్నీ భోజనానికి పిలుస్తాను. మా అమ్మాయి తన కంచాన్ని మళ్ళీ తూచలేదు. కొన్నాళ్ళు నేను గమనిస్తూనే ఉన్నాను. రెండోసారి అన్నం పెట్టించుకుని, మొదటిసారిలాగే కబుర్లు చెబుతూ తింటోంది.

పోయిన నెల పాత కాటా పనిచెయ్యడం మానేసింది. కొత్తది వచ్చిన రోజు ముందుగా నీలం అంచు కప్పు పెట్టి చూశాను. 250. మూలకి జరిపితే 249. పదిసార్లు పెట్టాను, 250కి అటూ ఇటూ ఒక గ్రాము. పాతది తక్కువ చూపించేదో, కొత్తది ఎక్కువ చూపిస్తోందో తేల్చే దారి నా దగ్గర లేదు. అలమార తలుపు మీద 247 అని ఉన్నచోట దాని పక్కనే 250 అని రాసి, తేదీ వేసి, నూనె సీసా తీసి కాటా మీద పెట్టి సున్నా చేశాను.